అక్కుపల్లిలో లేని కొండ

మా అమ్మ పుట్టిన ఊళ్ళో కొండ లేదు. అక్కుపల్లి అంటే ఇసుక, కొబ్బరి, జీడి, ఆ పక్కన సముద్రం. అంతే. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే తిరిగినవాణ్ని, ఆ మాత్రం నాకు తెలియదా?

కానీ నా లాప్‌టాప్ మాత్రం ఉందంటోంది. చుట్టూ ఆరేడు మీటర్ల ఎత్తున్న నేల మధ్యలో, సరిగ్గా మా తాతయ్య తోట ఉన్న చోట, పదమూడు మీటర్ల గుట్ట ఒకటి పసుపు రంగులో కనిపిస్తోంది. దాని అంచుల్లో వాలు ఐదారు డిగ్రీలట. నేనే రాసుకున్న కోడ్. మూడుసార్లు మళ్ళీ నడిపాను. గుట్ట కదల్లేదు.

సంగతేంటో చెప్తాను. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల మీద కొండచరియలు పడ్డాయి కదా. తెల్లారేసరికి ఊళ్ళకి ఊళ్ళు బురదైపోయిన ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ నెల్లాళ్ళకే ఆగస్టు 31న మన విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో చేసేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేరే అయినా, శని ఆదివారాలు క్యూజీఐఎస్ తెరిచి కూర్చుని ఊళ్ళ వాలు మ్యాపులు గీయడం మొదలుపెట్టాను. ఉచిత సాఫ్ట్‌వేర్, ఉచిత డేటా. ఖర్చయ్యేది నిద్రొకటే.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగింది. ఒక రాడార్ యాంటెన్నా నౌకలో, ఇంకోటి 60 మీటర్ల పొడవున్న గెడ చివర. మన రెండు కళ్ళలాగా అన్నమాట. రెండింటికీ అందిన సంకేతాల తేడాని బట్టి నేల ఎత్తు లెక్కకట్టారు. అదే ఎస్ఆర్‌టీఎం. భూమిని 30 మీటర్ల గళ్ళుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసిపెట్టారు. మనం చేసేదల్లా ఒక గడికీ పక్క గడికీ ఎత్తు తేడా ఎంతో చూసి, దూరంతో భాగించడమే. ముప్పై మీటర్ల దూరంలో ఒక్క మీటరు తేడా వస్తే దాదాపు రెండు డిగ్రీల వాలు. పదిహేడు మీటర్లు వస్తే ముప్పై డిగ్రీలు. అలాంటి చోట ఇల్లుంటే వానాకాలంలో కంటి మీద కునుకు ఉండకూడదు.

ఊరికే సరదాకి అక్కుపల్లి మీద కూడా నడిపాను. ఈ దొంగ కొండ బయటపడింది. దాన్ని పక్కన పెట్టేసేవాణ్నే గానీ, అదే వారం మావయ్య ఫోన్ చేశాడు.

"ఒరే అల్లుడూ, నువ్వేదో నేల వాలు సూసే పని సేస్తన్నావంట, మీ యమ్మ సెప్పింది. బావకి పెళ్ళి కుదిరింది కదా, ఇల్లు కట్టాల. సముద్రం కాడ మన దిబ్బుంది సూడు, దాన్ని జేసీబీ ఎట్టి సదును సేసీసి అక్కడ కడదామనుకుంటన్నాం. నీ కంప్యూటర్లో ఓపాలి సూసి సెప్పు, బాగుంటాదా?"

దిబ్బ! మ్యాప్‌లో వెతికాను. అక్కడ గుట్టా లేదు, వాలూ లేదు. లేని చోట కొండ చూపిస్తున్న మ్యాపు, చిన్నప్పుడు నేను జారుడుబండ ఆడుకున్న దిబ్బని మాత్రం మింగేసింది.

ఫోన్‌లో తేలే వ్యవహారం కాదని పెద్దపండక్కి ఫలక్‌నుమా ఎక్కేశాను.

*

విజయనగరం దాటాక రైల్లో ఎడమవైపు కూర్చోండి, నా మాట వినండి. తెల్లవారే వేళకి తూర్పు కనుమలు మీతో పాటే పరిగెడుతుంటాయి. కాసేపు దగ్గరికొస్తాయి, కాసేపు దూరం జరుగుతాయి. కుడివైపు మాత్రం చదునైన పొలాలు, తాటిచెట్లు. సముద్రం కనపడదు గానీ అటే ఉందని గాలి చెప్తుంటుంది.

పలాసలో దిగగానే జీడిపిక్కలు కాల్చిన వాసన. దాని గురించి ఇప్పటికే అందరూ రాశారు, నేను వదిలేస్తాను. కాశీబుగ్గలో టీ తాగి ఆటో ఎక్కితే తీరం వైపు రోడ్డు సన్నగా దిగుతూ పోతుంది. దిగుతున్నట్టు మీకు తెలియదు. నాకు తెలుసు, నేను మ్యాపులో చూశాను కాబట్టి! కొంతదూరం ఎర్రమట్టి, పనసచెట్లు, జీడితోటలు. ఆ తర్వాత నేల రంగు మారుతుంది. ఎరుపు పోయి పసుపు, పసుపు పోయి తెల్లటి ఇసుక. తీరం దగ్గర పడేకొద్దీ సరుగుడు తోటలు, మొగలి పొదలు. ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. ఇప్పుడు బయటివాళ్ళకి ఆ పేరు చెప్తే ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. ఊళ్ళోకి వెళ్తే మాత్రం ఇప్పటికీ ముందు కనిపించేది పచ్చదనమే.

నేను నేరుగా తోటకే వెళ్ళాను. కొండ సంగతి తేల్చాలి కదా.

కొండ లేదు. అరచేతిలా చదునుగా ఉంది. మనిషికి రెండింతలు ఎత్తున్న చిన్న కొబ్బరిచెట్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా నల్లబడి పుచ్చిపోయిన పాత మొద్దులు. మిగిలిన పెద్ద చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ మొద్దులు చూశాకే బుర్ర వెలిగింది. రాడార్‌కి నేలా, చెట్టూ తేడా తెలియదు. పైనుంచి వచ్చిన తరంగం ఆకులకీ, కొమ్మలకీ తగిలి, చెట్టు ఎత్తుకీ నేలకీ మధ్య ఎక్కడో ఒకచోట నుంచి వెనక్కి పోతుంది. దాన్నే నేల అని రాసుకుంటారు. అంటే నా లాప్‌టాప్‌లో ఉన్నది కొండ కాదు. 2000 ఫిబ్రవరి నాటి కొబ్బరితోట. మాది, పక్కవాళ్ళవి కలిపి ఇరవై ఎకరాలు.

మా వాటా రెండెకరాలు. మ్యాప్‌లో తొమ్మిది గళ్ళు. ఆ తొమ్మిది గళ్ళలో నూట నలభై చెట్లుండేవి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఈ వజ్రపుకొత్తూరు మండలం మీదుగానే. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 వరకూ. పొద్దున్నకి మా తోటలో నిలబడ్డవి పదకొండు.

నేనప్పుడు విశాఖలో బీటెక్ ఆఖరి సంవత్సరం. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. అమ్మ, నాన్న ఆ మర్నాడే బయల్దేరి, రోడ్లకి అడ్డంగా పడ్డ చెట్లు నరుక్కుంటున్న మనుషుల మధ్య నుంచి ఎలాగో చేరారు. నాకు క్యాంపస్ ఇంటర్వ్యూలు. "నువ్వొచ్చి ఏం చేస్తావు, చదువుకో" అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. మూడు వారాల తర్వాత వెళ్ళేసరికి పడిన చెట్లని కోసి పక్కకి లాగేశారు. అందుకే ఆ తోట పడి ఉండగా నేను చూడలేదు. నిలబడి ఉండగానే చూశాను, ఆ తర్వాత ఖాళీగా చూశాను. మధ్యలోది నాకు లేదు.

ఆ రాత్రి, మావయ్యావాళ్ళింట్లో, ఇంకో మ్యాపు తెరిచాను. కోపర్నికస్ అని యూరప్‌వాళ్ళది, ఎస్ఆర్‌టీఎం కంటే శుభ్రంగా ఉంటుంది. దాని డేటా 2011 నుంచి 2015 మధ్య తీసింది. అంటే అదీ తిత్లీకి ముందుదే. అందులోనూ తోట ఉంది, ఇంకా స్పష్టంగా. చెట్లని లెక్కకట్టి తీసేసిన మ్యాపు కూడా ఉంది, బ్రిస్టల్ యూనివర్సిటీవాళ్ళు 2022లో ఇచ్చారు. అది వేసి చూస్తే గుట్ట చాలావరకు కిందికి దిగిపోయింది. సాంకేతికంగా అదే సరైనది. అయినా ఆ ఫైలు మూసేసి పాతదే మళ్ళీ తెరిచాను. ఎందుకో అడక్కండి.

*

మర్నాడు పొద్దున్నే దిబ్బ దగ్గరికి. మావయ్య, బావ, నేను, ఊళ్ళో మేస్త్రీ ఒకాయన. శివసాగర్ బీచ్ అని బోర్డులు పెట్టే వైపు కాదు, ఇంకా పైకి, జనం రాని చోటు.

మ్యాపు ఈ దిబ్బని ఎందుకు మింగిందో అక్కడ నిలబడితే తెలిసింది. దిబ్బ అడ్డం మొత్తం ఇరవై అయిదు మీటర్లు కూడా లేదు. ఒక గడిలో సగం దిబ్బ, సగం పల్లం. రెండూ కలిపి సగటు తీస్తే ఏమీ మిగలదు. సగటు ఎంత మోసమో చెప్పాలంటే, ఇక్కణ్నుంచి వాయవ్యంలో మహేంద్రగిరి ఉంది. ఎత్తు 1,501 మీటర్లు, దూరం ముప్పై అయిదు కిలోమీటర్లు అనుకోండి. సముద్రం నుంచి శిఖరం దాకా సగటు వాలు లెక్కగడితే రెండున్నర డిగ్రీలు! సైకిల్ మీద వెళ్ళిపోవచ్చు అనిపిస్తుంది. వెళ్ళి చూడండి మరి.

ఉపగ్రహం కొలవలేనిదాన్ని మేస్త్రీ కొలిచాడు. ఆయన దగ్గరున్నది నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు, రెండు కర్రలు. పైపు రెండు కొసల్లో నీళ్ళు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలుస్తాయి కదా. కర్ర మీద గుర్తు పెట్టుకుంటూ, మూడేసి మీటర్లు జరుగుతూ, గంటలో దిబ్బ మొత్తం కొలిచేశాం. ఎత్తు నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు. సముద్రం వైపు వాలు పన్నెండు డిగ్రీలు. ఊరి వైపు ముప్పై ఒకటి.

"ముప్పై ఒకటా? నువ్వు ఇల్లు కట్టొద్దన్నది ముప్పై డిగ్రీలకే గదా" అన్నాడు బావ.

అప్పుడు వాళ్ళకి చేసి చూపించిన ప్రయోగం మీరూ చేయొచ్చు. ఏ బీచ్‌లోనైనా సరే. పొడి ఇసుక గుప్పిట్లోకి తీసుకుని ఒకేచోట సన్నగా జారవిడవండి. చిన్న గుట్ట తయారవుతుంది. ఇంకా పోయండి. గుట్ట పెద్దదవుతుంది గానీ నిటారుగా అవదు, ఎంత పోసినా పక్కలకి జారిపోతూ అదే వాలు దగ్గర ఆగుతుంది. దాని పక్కగా ఫోన్‌ని అంచు మీద పట్టుకుని లెవెల్ యాప్‌లో చూడండి. ముప్పై నుంచి ముప్పై అయిదు మధ్యలో ఎక్కడో ఉంటుంది. మాకు ముప్పై మూడు వచ్చింది. పొడి ఇసుక ఓర్చుకోగలిగిన వాలు అంతే. అంతకు మించితే రేణువుల మధ్య రాపిడి వాటిని పట్టి ఉంచలేదు.

ఇప్పుడు కొంచెం తడి ఇసుక తీసుకోండి. గోడలా నిలబెట్టొచ్చు, పిల్లలు కోటలు కట్టేది అందుకే. రేణువుల మధ్య నీటిపొర వాటిని దగ్గరికి లాగుతుంది. అదే కోట మీద బకెట్ నీళ్ళు పోయండి. కుప్పకూలుతుంది. సందులన్నీ నీళ్ళతో నిండిపోతే, ఆ నీళ్ళ ఒత్తిడి రేణువుల్ని విడదీస్తుంది. రాపిడి పోతుంది. నిన్నటిదాకా నిలబడ్డ వాలు ఇవాళ నిలబడదు.

కొండచరియ కూడా ఇదే. వాలు ఎప్పట్నుంచో అక్కడే ఉంటుంది, వందల ఏళ్ళు ఏమీ కాదు. ఒక రాత్రి వాన వచ్చి సందులు నింపుతుంది.

మహేంద్రగిరి వైపు నా మ్యాపులో ఎర్రటి గళ్ళు చాలా ఉన్నాయి, పాతిక డిగ్రీల పైన ఉన్నవన్నీ ఎరుపే. ఈ కనుమల్లో ఖొండలైట్ అనే రాయి ఎక్కువ. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. వానకీ ఎండకీ మెల్లగా కుళ్ళి ఎర్రటి బంకమట్టి అవుతుంది. గట్టి రాయి మీద మందపాటి మట్టి దుప్పటి. తిత్లీ మా కొబ్బరిచెట్లని పడగొట్టి అక్కడితో ఆగలేదు, తన నీళ్ళన్నీ మోసుకెళ్ళి ఆ కొండల మీద కుమ్మరించింది. ఒడిశా గజపతి జిల్లా రాయగడ బ్లాక్‌లో బారఘర అని చిన్న ఊరు. వాన తట్టుకోలేక అక్కడి జనం కొండ కింద గుహలాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ అక్కడే పడింది. పదిమందికి పైగా చనిపోయారు. తుఫాను తీరం దాటింది మా దగ్గర, మనుషుల్ని మట్టిలో కప్పెట్టింది అక్కడ. ఆ వార్త అప్పట్లో నేను చదివినట్టు కూడా గుర్తులేదు. మనం మన చెట్ల లెక్కలో ఉన్నాం.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014 నుంచి దేశంలో కొండచరియల ముప్పున్న ప్రాంతాల్ని 1:50,000 స్కేల్‌లో మ్యాపు చేసింది, భూకోశ్ అనే వెబ్‌సైట్లో ఉంటాయి. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్సీ 2023లో 147 జిల్లాలతో ఒక అట్లాస్ కూడా ఇచ్చింది. వాళ్ళు వాలు ఒక్కటే చూడరు. రాయి ఏంటి, మట్టి ఎంత మందం, చెట్లున్నాయా, కొండని తొలిచి రోడ్డు వేశారా, ఇంతకుముందు ఎక్కడ జారింది, అన్నీ కలుపుతారు. నాలాంటి శనివారం బాపతుకీ వాళ్ళకీ అదే తేడా.

*

ఇంత చెప్పాక బావ అన్నాడు, "అయితే మనకేటి భయం నేదు. కొండ నేదు, వాలు నేదు."

సరిగ్గా ఇక్కడే నేను కూడా తప్పులో కాలేశాను, కొన్ని నెలల పాటు. వాలుంటే ప్రమాదం, చదునైతే క్షేమం అనుకున్నాను. కొండచరియలకి అది నిజమే. భూకంపానికి లెక్క తిరగబడుతుంది.

డేవిడ్ వాల్డ్, ట్రెవర్ అలెన్ అని అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఇద్దరు 2007లో ఒక పేపర్ రాశారు. వాళ్ళ ఆలోచన చాలా సింపుల్. గట్టి రాయి నిటారుగా నిలబడగలదు, మెత్తటి మట్టి, ఇసుక నిలబడలేవు, నీళ్ళతో కొట్టుకొచ్చి పల్లంలో చదునుగా పరుచుకుంటాయి. కాబట్టి వాలు చూస్తే కింద నేల ఎంత గట్టిదో ఊహించొచ్చు, ఎక్కడా తవ్వకుండానే. పై ముప్పై మీటర్ల నేలలో కంపన తరంగం సెకనుకి 180 మీటర్ల కంటే నెమ్మదిగా వెళ్తే అది మెత్తనేల, 760 దాటితే రాయి. మెత్తనేలలో తరంగం వేగం తగ్గి, ఊపు పెరుగుతుంది. 1985లో మెక్సికో సిటీలో జరిగింది అదే. భూకంపం వచ్చింది ఎక్కడో పసిఫిక్ తీరంలో, మూడొందల కిలోమీటర్ల పైన. కూలిపోయింది పాత చెరువు అడుగున కట్టుకున్న నగరం.

ఈ పద్ధతి మన దగ్గర గుడ్డిగా వాడకూడదు, అది కూడా వాళ్ళే చెప్పారు. మనది పాత, కదలని ఖండం. కోట్ల ఏళ్ళు అరిగి అరిగి గట్టి రాయి కూడా చదునైపోయింది. అందుకే మనలాంటి చోట్లకి వేరే పట్టిక ఇచ్చారు. కాలిఫోర్నియాలాంటి చోట రాయి అనాలంటే నూరు మీటర్లకి దాదాపు పద్నాలుగు మీటర్లు ఎక్కాలి, మన దగ్గర రెండున్నర ఎక్కితే చాలు. పలాస చుట్టుపక్కల పొలాల మధ్యలోంచి ఒక్కసారిగా లేచిన రాతిగుట్టలు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కింద రాయి పెద్ద లోతులో లేదు. అక్కుపల్లికి వచ్చేసరికి మాత్రం ఏ పట్టిక చూసినా జవాబు ఒకటే: మెత్తనేల.

దీనికి రుజువు పిల్లలు చూపించారు. అలలు వచ్చిపోయే చోట, తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా, మావయ్య పక్కింటి పిల్లలిద్దరు అక్కడ నిలబడి కాళ్ళతో తపతపా కొడుతున్నారు. పది దెబ్బలకి ఇసుక వణికి, పైకి నీళ్ళు ఊరి, జావలా అయిపోయింది. చీలమండల దాకా దిగిపోయి నవ్వుకుంటున్నారు. నేలకి ఇలా జరిగితే ఇంగ్లిషులో లిక్విఫాక్షన్ అంటారు. నీళ్ళతో నిండిన వదులు ఇసుక, గట్టి కుదుపు, రెండూ కలిస్తే కొన్ని క్షణాలు నేల ద్రవంలా ప్రవర్తిస్తుంది. పైనున్న ఇల్లు వంగుతుంది.

భయపెట్టడానికి చెప్పట్లేదు. 2016 నాటి ఐఎస్ 1893 మ్యాపులో శ్రీకాకుళం జోన్ 2, అంటే దేశంలో ముప్పు అతి తక్కువ ఉన్న భాగం. అయినా సున్నా కాదు. 2014 మే 21 రాత్రి పది కావస్తుండగా బంగాళాఖాతంలో 6 తీవ్రతతో వచ్చిన భూకంపం మా తీరమంతా తెలిసింది. అత్త ఇప్పటికీ చెప్తుంది, గూట్లో గిన్నెలు వాటంతటవే మోగాయని. ఇక సునామీ సంగతి వేరే. నీళ్ళు లోపలికి ఎంతదూరం వస్తాయనేది తీరం వాలు మీద, మధ్యలో ఏం అడ్డున్నాయనే దాని మీద ఆధారపడుతుంది. తుఫాను ఉప్పెన కూడా అంతే. అక్టోబర్ నెల మాకు తెలియనిదా! 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ.

మేస్త్రీ కొలిచిన అంకెలు కాగితం మీద పెట్టి గీశాను. సముద్రం, దిబ్బ, దిబ్బ వెనక పల్లం, ఆ తర్వాత ఊరు, తోట. దిబ్బ తీసేస్తే సముద్రానికీ ఊరికీ మధ్య ఏముంది? గీసిన గీతలో ఏమీ లేదు.

"మావయ్యా, నా కంప్యూటర్‌కి ఈ దిబ్బ కనపడలేదు. కనపడలేదు కాబట్టి లేదనుకోకు. నాలుగు మీటర్లు."

"తిత్లీలో దీని ఎనకాల మూడిళ్ళకి నీళ్ళు రానేదు. అది నిజిమే" అన్నాడు మావయ్య. అంటే ఆయనకీ తెలుసు.

ఇంకో విషయం కూడా చెప్పాను. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బల్ని అతి సున్నితమైన వర్గంలో పెట్టింది, వాటిని చదును చేయకూడదు. "అందరూ సేసీసినారు గదరా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే దారిలో చదును చేసి, ప్రహరీ కట్టి, అమ్మకానికి బోర్డు పెట్టిన చోట్లు నేనూ చూశాను.

"మరి తోటలో కట్టొచ్చు కదా? దిబ్బ వెనక పల్లం ఎలాగూ వద్దు, నీళ్ళు పైనే ఉంటాయి. తోట దూరం, ఎత్తు కూడా మూడు మీటర్లు ఎక్కువే."

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. మేస్త్రీ పైపులోంచి నీళ్ళు ఒంపేసి చుట్ట చుట్టుకుంటున్నాడు.

"తోటలో ఇల్లు కడితే అది మళ్ళీ తోట అవదురా. ఆరేళ్ళు నీళ్ళు మోసి పెంచినాను. ఇప్పుడిప్పుడే కాయ దిగతంది" అన్నాడు చివరికి.

నాకు అప్పటిదాకా దిబ్బ ఎందుకు అంటున్నాడో అర్థం కాలేదు. సముద్రం కనపడే ఇల్లు కావాలని బావకి ఉంది, నిజమే. కానీ మావయ్యకి అది కాదు. హైదరాబాద్‌లో కూర్చుని నేను తొమ్మిది గళ్ళుగా చూసిన చోటు ఆయనకి చెట్టు చెట్టుగా తెలుసు. ఏది ఏ ఏడు పెట్టాడు, దేనికి పురుగు పట్టింది, ఏది మొదట కాసింది. వాలు మ్యాపులో ఇవి పెట్టడానికి లేయర్ లేదు.

ఆ సాయంత్రం ముగ్గురం తోటలో తాడు పట్టుకుని తిరిగాం. రోడ్డు వైపు మూలలో కడితే ఎనిమిది చెట్లు పోతాయి. లోపలికి జరిపితే పదమూడు. బావ ఇంటిని నిలువుగా తిప్పి, వసారా తగ్గించి ఆరుకి తెచ్చాడు. మేస్త్రీ పునాది ఇసుకలో కాబట్టి అడుగున బెల్టు వేసి, స్తంభాలన్నీ కలిపి కట్టాలన్నాడు. నేను చెప్పాలనుకున్నదే, ఆయన ముందే అనేశాడు. ఆరు చెట్లకీ మావయ్య సున్నంతో గుర్తు పెట్టాడు. ఐదింటికి పెట్టి ఆరోదాని దగ్గర ఆగి, "దీన్ని ఉంచీసి మెట్లు అటు తిప్పితే అవ్వదా?" అని అడిగాడు. మేస్త్రీ నవ్వి, చూద్దాం అన్నాడు. బావ మొహం మాత్రం తిరిగొచ్చేదాకా ముడుచుకునే ఉంది. సముద్రం కనపడదు కదా మరి.

దిబ్బ సంగతి? మా వాటా వరకు ఉంటుంది. ఉత్తరం పక్కవాళ్ళు చదును చేయిద్దామనే ఆలోచనలో ఉన్నారట. వాళ్ళ దగ్గర నా మాటకి విలువేముంటుంది? మేస్త్రీ చెప్తానన్నాడు.

తిరిగొచ్చాక అమ్మకి ఫోన్‌లో ఆ మ్యాపు చూపించాను. పాతది, ఎస్ఆర్‌టీఎం. ఆ పసుపు గుట్టేంటో చెప్పాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. గళ్ళు గళ్ళుగా విడిపోయింది.

"బావి ఎటుంది ఇందులో?" అంది.

బావి కనపడదమ్మా, చాలా చిన్నది అన్నాను. ఆమె వినలేదు, వేలితో జరుపుతూనే ఉంది.

"ఇదిగో, ఇటుంటది. ఈ అంచున."